ఆ కాగితం మీద సంతకం పెట్టమంటారా?

అక్కయ్యగారికి నమస్కారం.

మాది నెల్లూరు దగ్గర పల్లెటూరు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ, అంటే 18 ఏళ్ళుగా, చెన్నైలోనే ఉంటున్నాం. ఇల్లు విల్లివాక్కంలో. మావారిది రైల్వే ఉద్యోగం. పెద్దమ్మాయికి వచ్చే నెలతో 15 నిండుతాయి. 800 మీటర్లు పరిగెడుతుంది. తెల్లారకముందే దాన్ని గ్రౌండుకు తీసుకెళ్ళి, మెట్ల మీద కూర్చుని బీన్స్ తరుక్కుంటూ నాలుగేళ్ళు గడిపాను. ఇప్పుడు దాని టైమింగ్ 2 నిమిషాల 31 సెకన్లు. జిల్లా స్థాయి సర్టిఫికెట్ వస్తే రేపు స్పోర్ట్స్ కోటాలో సీటుకు పనికొస్తుందని మా ఆశ.

మా క్లబ్బులో 16 ఏళ్ళ పిల్లాడు ఒకడు ఉండేవాడు, అబ్బాయిల గుంపులో. వేసవి సెలవుల తర్వాత జుట్టు పెంచుకుని, పేరు మార్చుకుని అమ్మాయిగా వచ్చాడు. వచ్చింది అనాలేమో, నాకింకా నోరు తిరగడం లేదు, ఏమీ అనుకోకండి. కోచ్ ఇప్పుడు ఆ అమ్మాయిని ఆడపిల్లలతోనే పరిగెత్తిస్తున్నారు. పోయిన నెల ట్రయల్స్‌లో 2 నిమిషాల 24 సెకన్లకు వచ్చి మొదటి స్థానం తెచ్చుకుంది. మాది మూడో స్థానంలో ఆగింది. క్లబ్బు నుంచి ఒక్కో ఈవెంటుకు ఇద్దరికే ఎంట్రీ. ఆ రాత్రి అది అన్నం ముట్టలేదు. "అక్క మంచిదే అమ్మా, కానీ నేను ఎంత పరిగెత్తినా అందదు" అంది.

ఇప్పుడు తల్లిదండ్రులంతా కలిసి ఒక కాగితం తయారుచేశారు. ఆ అమ్మాయిని క్లబ్బులోంచి తీసేయాలి, ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గదిలోకి రానివ్వకూడదు, ఇకమీదట ఆడపిల్లల గుంపులో ఉండే ప్రతి పిల్లా ఆడపిల్లేనని డాక్టరు సర్టిఫికెట్ తేవాలి. ఇవీ అందులో ఉన్నవి. 20 మందికి పైగా సంతకాలు పెట్టేశారు. మావారు పెట్టమంటున్నారు. ఆ పిల్లను మంచి డాక్టరుకు చూపిస్తే అదే కుదురుకుంటుందని కూడా అంటున్నారు. మా అమ్మాయేమో నువ్వు సంతకం పెడితే నేనింక గ్రౌండు మొహం చూడను అంటోంది. ఆ పిల్ల తల్లి కోయంబేడు నుంచి పూలు తెచ్చి అమ్ముకుంటుంది. రోజూ నా పక్కనే కూర్చునేది. ఇప్పుడు గేటు దగ్గరే నిలబడిపోతోంది.

ఇంకో సంగతి. మా అమ్మాయి ఇంకా పెద్దమనిషి కాలేదు. ఆటల్లో తిరిగే పిల్లలకు ఆలస్యమవుతుందిలే అంటున్నారు. దీనికీ దానికీ సంబంధం లేదు, మనసులో ఉంది కనుక రాశాను.

ఆదివారంలోగా ఏదో ఒకటి చెప్పాలి. ఏం చెయ్యమంటారు?

ఒక తల్లి, విల్లివాక్కం

*

అమ్మా,

సంతకం పెట్టకండి.

మీ అమ్మాయి బాధను పక్కన పెట్టమని చెప్పడం లేదు. ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ అమ్మాయి పోగొట్టుకున్నది ఒక్కటే, జిల్లా పోటీకి ఎంట్రీ. కాగితంలో ఉన్నవి మూడు. గెంటివేత, గది, డాక్టరు సర్టిఫికెట్. ఎంట్రీ మాట అందులో ఎక్కడా లేదు! బాధ మీది, దాన్ని అడ్డం పెట్టుకుని రాసిన కాగితం ఇంకెవరిదో. అందుకే ముందు బాధ సంగతి మాట్లాడుకుని, ఆ తర్వాత కాగితం దగ్గరికి వద్దాం.

"ఎంత పరిగెత్తినా అందదు" అంది కదా మీ అమ్మాయి. అది అసూయతో అన్న మాట కాదు. ట్రాక్ మీద తన కాళ్ళకు తెలిసింది చెప్పింది. పది, పదకొండేళ్ళ దాకా ఆడపిల్లలకూ మగపిల్లలకూ పరుగులో పెద్ద తేడా ఉండదు. అన్నదమ్ముల్ని వీధి చివరిదాకా తరిమి పట్టుకునే ఆడపిల్లల్ని మనం చూడలేదా? మగపిల్లలు వయసుకు వచ్చేటప్పుడు టెస్టోస్టిరాన్ అనే హార్మోను పొంగుతుంది. మామూలుగా, మగవాళ్ళలో అది బాగా తక్కువున్న మనిషికి కూడా ఆడవాళ్ళలో ఎక్కువున్న మనిషి కంటే నాలుగు రెట్లకు పైనే ఉంటుంది. దానితో ఎముక పొడవు పెరుగుతుంది, కండ పడుతుంది, గుండె, ఊపిరితిత్తులు పెద్దవవుతాయి, రక్తంలో హిమోగ్లోబిన్ పెరుగుతుంది.

మీ అమ్మాయి పరిగెత్తే 800 మీటర్లనే చూడండి. మగవాళ్ళ ప్రపంచ రికార్డు 2012 లండన్ ఒలింపిక్స్‌లో కెన్యా వీరుడు డేవిడ్ రుడీషా పెట్టింది, 1 నిమిషం 40.91 సెకన్లు. ఆడవాళ్ళది 1983లో అప్పటి చెకోస్లోవేకియా మనిషి యార్మిలా క్రతోఖ్విలోవా పెట్టింది, 1 నిమిషం 53.28 సెకన్లు. 40 ఏళ్ళు దాటినా చెక్కుచెదరని రికార్డు అది. రెంటికీ మధ్య 12 సెకన్ల పైచిలుకు. అంత దూరాన్ని సాధన ఒక్కటే పూడ్చదు. ఆడవాళ్ళకు వేరే పోటీ పెట్టిందే అందుకు. లేకపోతే ఫైనల్ గీత మీద ఆడపిల్ల అనేది మనకు కనిపించేదే కాదు.

హార్మోను తగ్గించే మందులు వాడితే ఈ తేడా పోతుందా అంటే, కొంత పోతుంది, కొంత పోదు. హిమోగ్లోబిన్ నాలుగైదు నెలల్లోనే దిగిపోతుంది. కండ నెమ్మదిగా, కొద్దికొద్దిగా తగ్గుతుంది. ఎముక పొడవు తగ్గేది కాదు. అమెరికా వైమానిక దళంలో పనిచేసిన ట్రాన్స్ మహిళల, అంటే మగపిల్లలుగా పుట్టి ఆడవాళ్ళుగా బతికేవాళ్ళ, ఫిట్‌నెస్ రికార్డులు తీసి చేసిన పరిశోధన ఒకటి 2020లో వచ్చింది. రెండేళ్ళు మందులు వాడాక బస్కీలు, సిట్-అప్‌లలో వాళ్ళకూ తోటి ఆడవాళ్ళకూ తేడా లేకుండా పోయింది. దాదాపు రెండున్నర కిలోమీటర్ల పరుగులో మాత్రం అప్పటికీ 12 శాతం ముందున్నారు. వాళ్ళు సైన్యంలో పనిచేసే మామూలు మనుషులు, పోటీ క్రీడాకారులు కారు. ఆ ఒక్క పరిశోధనతో అన్ని ఆటలకూ తీర్పు చెప్పలేం. పరుగు విషయంలో మాత్రం దాన్ని కొట్టిపారేయలేం.

పరుగు పందేల ప్రపంచ సంఘం వరల్డ్ అథ్లెటిక్స్ 2023 మార్చిలో నిర్ణయం తీసుకుంది. మగపిల్లాడిగా యుక్తవయసు దాటిన ట్రాన్స్ మహిళలు ప్రపంచ ర్యాంకింగ్‌కు లెక్కలోకి వచ్చే మహిళల పోటీల్లో దిగడానికి వీల్లేదు అన్నది దాని సారం. ఈత సంఘం 2022లోనే అలాంటి నియమం పెట్టింది. సైక్లింగ్ వాళ్ళు 2023 జులైలో, క్రికెట్‌లో ఐసీసీ అదే ఏడాది నవంబరులో అదే దారి పట్టారు. ఒలింపిక్ కమిటీ 2015లో హార్మోను మోతాదు ఒక హద్దుకు లోపల ఉంటే చాలంది. 2021లో ఆ హద్దు తీసేసి, ఏ ఆటకు ఆ ఆట సంఘమే తేల్చుకోమంది. ఆ తర్వాత వచ్చినవే ఇవన్నీ.

పరుగు పందెంలో, పతకాలూ ర్యాంకులూ ఉన్న చోట, ఆ నియమం సబబేనని నేను అనుకుంటాను. ఈ వాక్యం రాయడం నాకు సులువు కాలేదు. నాకు ఉత్తరాలు రాసే తిరునంగైలు (ట్రాన్స్ మహిళలను తమిళంలో అలా అంటారు) ఉన్నారు. ఈ మాట వాళ్ళలో కొందరిని నొప్పిస్తుంది. అయినా మీ అమ్మాయి కళ్ళతో చూసినదాన్ని లేదని చెప్పలేను. పెద్దవాళ్ళం అబద్ధం చెబితే పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు, ఆ తర్వాత మనం చెప్పే మంచి మాట కూడా నమ్మరు.

ఆ అమ్మాయి 2 నిమిషాల 24 సెకన్లు అబ్బాయిల పోటీలో 16 ఏళ్ళ వయసుకు చెప్పుకోదగ్గ టైమింగ్ కాదు. మీ క్లబ్బు ఆడపిల్లల్లో అదే మొదటిది. గొడవంతా ఈ రెండు మాటల మధ్యే ఉంది. ఇందులో మోసం అనే మాటకు చోటు లేదు. ఈ ఊళ్ళో అబ్బాయిగా పుట్టి అమ్మాయిగా బస్సెక్కితే వెనకనుంచి "తొమ్మిది" అని ఎగతాళిగా పిలుస్తారు, ఇక్కడ అలాంటివాళ్ళను తిట్టే మాట అది. బళ్ళో ఏం పడుతుందో, ఇంట్లో ఎవరితో ఏం పడిందో మనకు తెలియదు. ఒక క్లబ్బు ట్రయల్స్‌లో మొదటి స్థానం కోసం ఎవరూ ఇంత మోయరు.

ఇక కాగితం. అందులో నన్ను భయపెట్టింది మూడో కోరిక, డాక్టరు సర్టిఫికెట్. ఒక్క పిల్ల మీద కోపం ఊళ్ళో ఆడపిల్లలందరి ఒంటి మీదికి ఎలా మళ్ళుతుందో చూడండి.

మీరు ఉంటున్నది శాంతి సౌందరరాజన్ పుట్టిన రాష్ట్రంలో. పుదుక్కోట్టై జిల్లా పల్లె, ఇటుక బట్టీలో పనిచేసే తల్లిదండ్రులు. పరిగెత్తింది మీ అమ్మాయి పరిగెత్తే ఆ 800 మీటర్లే. 2006లో దోహా ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది. ఆ వెంటనే ఆమెకు ఆడ, మగ తేల్చే పరీక్ష చేశారు. అందులో నెగ్గలేదని చెప్పి పతకం వెనక్కి తీసుకున్నారు. శాంతి ట్రాన్స్ కాదు. పుట్టిన రోజు నుంచీ ఆడపిల్లగానే పెరిగింది. శరీరం లోపల పుట్టుకతో ఏదో చిన్న తేడా ఉందనే సంగతి ఆమెకే తెలియదు. దేశం మొత్తం టీవీల్లో ఆ మాట విన్నది. మరుసటి ఏడాది ఆమె ప్రాణం తీసుకోబోయింది. కొన్నాళ్ళకు మళ్ళీ ఇటుక బట్టీ పనికే వెళ్ళింది. ఆ తర్వాత కోచింగ్ చదువుకుని, ఏళ్ళ తరబడి పోరాడి, ఈ రాష్ట్రంలోనే కోచ్‌గా నిలబడింది. ఆ నిలబడటాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ ఆ పతకం తిరిగి రాలేదు.

ఒడిశా పిల్ల ద్యుతీ చంద్‌కు 2014లో ఇదే జరిగింది, 18 ఏళ్ళకు. హార్మోను ఎక్కువుందని కామన్వెల్త్ క్రీడల జట్టులోంచి తీసేశారు. ఆమె స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానం దాకా వెళ్ళి 2015 జులైలో ఆ నియమాన్నే ఆపించింది. ఆమె కూడా ట్రాన్స్ కాదు. చాలామంది ఈ రెండు సంగతులనూ కలిపి ఒకే తాడుతో కట్టేస్తారు. అవి వేర్వేరు. అయితే అనుమానంతో వేసిన వల ఈ ఇద్దరు ఆడపిల్లల మీదే పడింది.

1966లో కొన్ని పెద్ద పోటీల్లో ఆడవాళ్ళను వరసగా నిలబెట్టి బట్టలు లేకుండా డాక్టర్ల ముందు నడిపించారు. అది మరీ అసహ్యంగా ఉందని 1968 మెక్సికో ఒలింపిక్స్ నుంచి క్రోమోజోమ్ పరీక్షలు తెచ్చారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మూడు వేలకు పైగా ఆడవాళ్ళను పరీక్షిస్తే ఎనిమిది మందిలో తేడా కనిపించింది. ఆ ఎనిమిది మందినీ చివరికి పోటీలకు అనుమతించారు. ఇంత చేసి పట్టుకున్నదేమిటని 1999లో ఆ పరీక్షలు మానేశారు. ఇప్పుడు 2025 సెప్టెంబరు నుంచి వరల్డ్ అథ్లెటిక్స్ మళ్ళీ జన్యు పరీక్ష పెట్టింది. జీవితంలో ఒక్కసారి, చెంప లోపలి నుంచి గానీ రక్తం నుంచి గానీ నమూనా తీస్తారు. అది కూడా నాకు పూర్తిగా మింగుడు పడలేదు. అయినా అక్కడ ప్రపంచ స్థాయికి ఎదిగిన క్రీడాకారులుంటారు, ఫలితం నచ్చకపోతే అప్పీలుకు వెళ్ళే దారి ఉంటుంది. మీ గ్రౌండులో ఏముంది? వీధి చివరి క్లినిక్‌లో రాయించిన చీటీ. దాన్ని కోచ్ చేతికిస్తే, కోచ్ బల్ల మీద పెడితే, అటుగా పోయేవాళ్ళందరూ చదువుతారు. ఆ సాయంత్రానికి క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఉంటుంది.

ఇప్పుడు మీరు ఉత్తరం చివర రాసిన మాటకు వస్తాను. సంబంధం లేదన్నారు. మొత్తం ఉత్తరంలో నన్ను కూర్చోబెట్టింది ఆ మాటే. 15 నిండబోతున్న పిల్ల, సన్నగా ఉంటుందనుకుంటాను, ఇంకా పెద్దమనిషి కాలేదు. రేపు ప్రతి పిల్లా సర్టిఫికెట్ తేవాలంటే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు. "ఇంకా కాలేదు" అన్న జవాబు ఆ గ్రౌండులో ఎవరి చెవిన పడుతుందో, దాన్ని ఎవరు ఎలా తిప్పి చెబుతారో కూడా మీకు తెలుసు. ఆ కాగితం అందరికంటే ముందు తలుపు తట్టేది మీ ఇంటినే.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా కబడ్డీ జట్టులో ఒక పిల్ల ఉండేది. పొడుగు, వెడల్పాటి భుజాలు, బొంగురు గొంతు. కూతకు వెళితే ఇద్దరినైనా అంటి వచ్చేది. ఒక పోటీలో అవతలి జట్టు టీచరు "ఇది ఆడపిల్లేనా? చూడాలి" అంది. మా టీచరు కాదనలేదు. పిల్లను గోడ వెనక్కి తీసుకెళ్ళారు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చారు, ఆడపిల్లే అన్నారు, ఆట మొదలుపెట్టమన్నారు. తను బరిలోకి రాలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత ఏ రోజూ రాలేదు. పదో తరగతి కాకుండానే పెళ్ళి చేసేశారని విన్నాను. ఆ రోజు మేం ఏడుగురం గీత దగ్గర నిలబడి చూశాం, ఒక్కరం నోరెత్తలేదు. 12 ఏళ్ళ పిల్లలం, ఏం చేయగలం అని సర్దిచెప్పుకోవచ్చు. నాకు ఇప్పటికీ సర్దుకోలేదు.

గది సంగతికి పెద్ద చర్చ అక్కర్లేదు. లోపల గడియ వేసుకునే చిన్న గది ఒకటి అందరికీ వంతులవారీగా ఇమ్మనండి. ఇంకొకరి ముందు బట్టలు మార్చుకోవడానికి ముడుచుకుపోయే పిల్లలు మీ క్లబ్బులో ఇంకా చాలామందే ఉంటారు, వాళ్ళకూ మేలే.

ఇక తీసేయడం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల కోసం 2019లో వచ్చిన చట్టంలో 13వ సెక్షన్ ఆటల గురించి పేరు పెట్టే చెబుతుంది. ప్రభుత్వ సాయం గానీ గుర్తింపు గానీ ఉన్న విద్యాసంస్థలన్నీ వాళ్ళకు చదువుతో పాటు ఆటలకూ వివక్ష లేకుండా అవకాశం ఇవ్వాలి. మీది బడి కాదు, క్లబ్బు. చట్టం అక్షరాలా వర్తించదని ఎవరైనా వాదించవచ్చు. కానీ ఎవరు ఏ పోటీలో దిగాలన్నది వేరు, గ్రౌండులోకే రావద్దనడం వేరు. మొదటిది నియమం. రెండోది వెలి.

మీవారు డాక్టరుకు చూపిస్తే కుదురుకుంటుందన్నారు. ఆయన చెడు ఉద్దేశంతో అని ఉండరు. మన ఇళ్ళల్లో దశాబ్దాలుగా చెప్పుకున్న మాటే అది. 2021 జూన్‌లో మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఇచ్చిన తీర్పు సంగతి ఆయనకు చెప్పండి. ఇలాంటి పిల్లలను వైద్యం పేరుతో "మార్చే" ప్రయత్నాలు చెయ్యకూడదని ఆ తీర్పు నిషేధించింది. తీర్పు రాసే ముందు, ఈ విషయం తనకు సరిగా తెలియదని ఒప్పుకుని ఆ న్యాయమూర్తే ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. హైకోర్టు జడ్జి చేసిన పని చెయ్యడానికి మనకు నామోషీ దేనికి?

మీవారి అసలు భయం మాత్రం న్యాయమైనదే. సర్టిఫికెట్. చెన్నైలో మధ్యతరగతి ఇంట్లో ఆడపిల్ల పరుగు అంటే ఒక సీటు, ఒక రైల్వే ఉద్యోగం. నాలుగేళ్ళ తెల్లవారుజాములు పెట్టుబడిగా పెట్టారు. దానికి దారి చూపించాలి. ఈ దారి చూడండి.

మీరు విడిగా ఒక ఉత్తరం రాయండి. కోచ్‌కు రాసి, జిల్లా అథ్లెటిక్ సంఘానికి ఒక నకలు పంపండి. అందులో ఎవరి పేరూ వద్దు, ఎవరి శరీరం గురించీ ఒక్క ముక్క వద్దు. ఇలా రాస్తే చాలు: "ఆడపిల్లల విభాగంలో 800 మీటర్లకు ఎంట్రీల విషయంలో సంఘం నియమం ఏమిటో మాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు. అది వచ్చేదాకా, అర్హతపై ఏ సందేహమూ లేని ఇద్దరికి ఆ రెండు ఎంట్రీలు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. క్లబ్బులో ఏ పిల్లనూ వైద్య పరీక్షలు అడగవద్దని, సాధన నుంచి ఎవరినీ తప్పించవద్దని కూడా కోరుతున్నాను." కింద మీ సంతకం, వీలైతే మీవారి సంతకం. ఆ 20 మందిలో కూడా మూడో కోరికను సరిగా చదవకుండా పెట్టినవాళ్ళు ఉంటారు. ఒకరిద్దరు మీ కాగితం వైపు వస్తారు, చూడండి.

ప్రపంచ స్థాయి నియమం జిల్లా పోటీకి దానంతట అదే వర్తించదు. దేశంలో జరిగే కింది పోటీలకు ఏ నియమం పెట్టాలో ఇక్కడి సంఘాలు తేల్చాలి. అందుకే రాతపూర్వకంగా అన్నాను. నోటిమాటగా ఒక కోచ్ నిర్ణయించి, ఫలితం పిల్లలకు స్టాప్‌వాచ్‌లో కనిపించేలా చేయడం తప్పు. మీ కోచ్ మంచి మనసుతోనే ఆ అమ్మాయిని చేర్చుకుని ఉంటారు. కానీ ట్రయల్స్‌కు ముందే తల్లిదండ్రులతో, అంతకంటే ముందు ఆ అమ్మాయితో కూర్చుని మాట్లాడి ఉండాల్సింది. సాధనకు టైమింగ్‌ను బట్టి గుంపులు కట్టే కోచ్‌లు చాలామంది ఉన్నారు. 2:25 దగ్గర పరిగెత్తే అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకే గుంపు. అలా చేస్తే ఆ అమ్మాయి ఏ గుంపు అన్న ప్రశ్న రోజూ తెల్లవారుజామున లేవదు. ట్రయల్స్‌లో ఆమెనూ పరిగెత్తనివ్వండి, టైమింగ్ విడిగా రాసుకోవచ్చు.

ఇలా చేస్తే ఆ అమ్మాయికి ఏమీ పోదని చెప్పను. పోతుంది. ఆడపిల్లల పోటీలో గీత మీద నిలబడాలని ఆశపడింది, ఈ ఏడాదికి ఆ ఆశ ఆగిపోవచ్చు. అబ్బాయిల ఎంట్రీ ఇస్తామంటే ఆమె వద్దనవచ్చు, వద్దనే హక్కు ఆమెది. ఈ మాట కోచ్ నేరుగా, నలుగురిలో కాకుండా, తల్లి పక్కన ఉండగా చెప్పాలి. వాట్సాప్‌లో చదివి తెలుసుకునే స్థితి ఆ పిల్లకు రాకూడదు. మందులు వాడుతోందా, ఆపరేషన్ చేయించుకుంటుందా అని ఎవరైనా మీ ముందు మొదలుపెడితే అక్కడి నుంచి లేచి రండి.

తల్లి సంగతి. పూలమ్ముకునే మనిషి, తెల్లవారుజామున కోయంబేడు వెళ్ళొచ్చి, అప్పుడు పిల్లను గ్రౌండుకు తెస్తోంది. అలాంటి పిల్లలను తండ్రి కొట్టి తరిమేస్తే 16 ఏళ్ళకే ఇల్లు విడిచి ఎక్కడెక్కడో తేలినవాళ్ళ కథలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఈ తల్లి వదల్లేదు. రేపు మీరు మెట్ల మీద కూర్చోకండి. బీన్స్ సంచీ పట్టుకుని గేటు దగ్గరికే వెళ్ళి ఆమె పక్కన నిలబడండి. దీని గురించి ఏమీ మాట్లాడనక్కర్లేదు. మల్లెపూలు ఈరోజు మూర ఎంత అని అడగండి చాలు. మీరు వేరే ఉత్తరం ఇస్తున్న సంగతి, అందులో ఏముందో, ఒకటి రెండు రోజులయ్యాక మీ నోటితోనే ఆమెకు చెప్పండి. ఎంట్రీ మాట విని ఆమెకు కోపం రావచ్చు. రానివ్వండి. దాచి పెట్టడం కంటే అది నయం.

"వచ్చాడు" అని రాసి "వచ్చింది అనాలేమో" అని దిద్దుకున్నారు. నాలుక అలా అలవాటు పడటానికి ఏ మనిషికైనా నెల పడుతుంది. మీ అమ్మాయి "అక్క" అంటోంది కదా, ఆ మాట పట్టుకోండి.

మీ అమ్మాయితో ఒక్క మాట స్పష్టంగా చెప్పండి, నీకు కోపం రావడం తప్పు కాదు, అక్క మీద ప్రేమ ఉండటం కూడా తప్పు కాదు అని. రెండూ ఒకే ఛాతీలో ఉండలేవని ఆ వయసు పిల్లలు అనుకుంటారు, ఏదో ఒకటి వదిలేయాలని నలిగిపోతారు. "నువ్వు సంతకం పెడితే గ్రౌండుకు రాను" అన్నది ఆ నలుగుడే. సంతకం పెట్టలేదని ఈ రాత్రే చెప్పండి. ఎంట్రీ కోసం అడుగుతున్నానని కూడా చెప్పండి.

చివరగా, క్లబ్బుతో ఏ సంబంధమూ లేకుండా, మీ అమ్మాయి కోసం ఒక పని. 15 నిండినా పెద్దమనిషి కాకపోతే ఒకసారి గైనకాలజిస్టుకు చూపించాలి. ఆటల్లో తిరిగే పిల్లలకు ఆలస్యం కావడం నిజమే, కానీ ఆ మాట అనుకుని ఊరుకోకూడదు. గంటల తరబడి పరిగెత్తి, దానికి తగ్గ తిండి తినకపోతే శరీరం మొదట ఆపేసేది నెలసరినే. అలా ఎక్కువ కాలం గడిస్తే ఎముకలు బలహీనపడతాయి, చిన్న దెబ్బకే చిట్లుతాయి. తెల్లవారుజామున ఏమీ తినకుండా గ్రౌండుకు వెళుతోందా? సాధన అయిన అరగంటలోపల ఏదైనా పెడుతున్నారా? ఈ రెండూ డాక్టరుకు చెప్పండి. బరువు, రక్తం, థైరాయిడ్, ఇతర హార్మోన్లు చూస్తారు, అవసరమైతే స్కానింగ్ చేస్తారు. చాలాసార్లు తిండి సరిచేస్తే సరిపోతుంది. ఒకవేళ ఇంకేదైనా బయటపడినా, అది మీకూ, మీ అమ్మాయికీ, ఆ డాక్టరుకూ మధ్యే ఉంటుంది. ఆ రిపోర్టు మీ బీరువాలోనే ఉండాలి. క్లబ్బులో ఎవరు అడిగినా ఇవ్వనక్కర్లేదు.

డాక్టరు ఏమన్నారో నాకు రాయండి.

మీ అక్కయ్య